ఆటగాని విలువను తూచుట ఎట్లు?

అమెరికా దేశీయులకు బేస్‌బాల్ ఆటయందు ఎంత మక్కువయో దాని లెక్కలయందును అంత మక్కువ. బాటు పట్టిన ఆటగాడు తనకు వచ్చిన అవకాశములలో ఎన్నిమారులు బంతిని కొట్టి క్షేమముగా బేసు చేరెనో భాగించి చూచి, దానిని అతని సగటు అందురు. 1930లో న్యూయార్కు జెయంట్స్ జట్టులోని బిల్ టెర్రీ సగటు 0.401. 1968లో బోస్టన్ జట్టులోని కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ సగటు 0.301. ఇద్దరును ఆయా సంవత్సరములలో తమ తమ లీగులందు ప్రథములే. అయినచో టెర్రీ మూడవవంతు మెరుగైనవాడా?

తొందరపడరాదు. 1930లో నేషనల్ లీగు మొత్తపు సగటే 0.303. అనగా ఆనాటి సామాన్య ఆటగాడు సైతము 0.301ని దాటినవాడే! 1968 బంతి విసరు పిచ్చర్ల కాలము; అమెరికన్ లీగు సగటు 0.230కి పడిపోయినది. ప్రతివాని సగటును అతని లీగు సగటుచే భాగించినచో టెర్రీకి 1.32, యాస్ట్రెమ్‌స్కీకి 1.31 వచ్చును. కొండంత భేదము గోరంత అయినది. పిచ్చరు నిలుచు దిబ్బ ఎత్తును 1969లో 15 అంగుళముల నుండి 10 అంగుళములకు తగ్గించిరి.

కాలము వలెనే స్థలము. డెన్వరు నగరములోని కూర్స్ ఫీల్డ్ మైదానము సుమారు 5,200 అడుగుల ఎత్తున ఉన్నది. అచ్చటి గాలి సాంద్రత సముద్రమట్టమున ఉండుదానిలో ఇంచుమించు 82 శాతము. ఎత్తైన కొండలపై పప్పు త్వరగా ఉడకకుండుటకు కారణమగు పలుచని గాలియే ఇచ్చట బంతికి అడ్డు తగ్గించును. సముద్రతీరమున 400 అడుగులు పోవు బంతి అచ్చట మరి 20 అడుగుల వరకు పోగలదు. పిచ్చరు బంతిని గిరగిర త్రిప్పి విసరినను అది వంపు తిరుగుట తక్కువ, ఏలయన వంపు కలిగించునది గాలియే. పొడిగాలికి బంతులు ఎండి మరింత ఎగురుచుండుటచే 2002 నుండి వాటిని తేమగల గదిలో భద్రపరచుచున్నారు.

ఆ మైదానమును సొంతము చేసికొన్న జట్టులో ఆడిన లారీ వాకర్ 1999లో 0.379 సగటుతో లీగులో ప్రథముడయ్యెను. విడదీసి చూచిన, సొంత మైదానమున 0.461, పరమైదానములందు 0.286. సగము కీర్తి గాలిదేనని కొందరు తీర్మానించిరి. కాని ఆ 0.286 సైతము ఆ యేటి లీగు సగటగు 0.268 కంటె హెచ్చని వారు మరచిరి.

ఇక మరియొక చిక్కు. మూడు బేసులందును తనవారు ఉండగా హోమ్ రన్ కొట్టినవానికి నాలుగు పరుగుల ఖ్యాతి. ఎవరును లేనప్పుడు అదే దెబ్బకు ఒక్కటే. దెబ్బలో భేదము లేదు. బేసులు నింపినది తోటివారు. జట్టు ఎట్లు గెలిచినదని అడిగినచో నాలుగు అని లెక్కించుటయే న్యాయము. ఎవరు నేర్పరియని అడిగినచో ఆ మూటిని తీసివేయవలెను. ఈ రెండు ప్రశ్నలను కలిపివేయుటచేతనే వాదములు తెగకున్నవి.

బేస్‌బాల్ కీర్తిమందిరములో చోటునకు రచయితల ఓట్లు నూటికి 75 కావలెను. వాకర్‌కు 2011లో, మొదటి మారు, 20.3 వచ్చినవి. పదవదియు కడపటిదియునగు అవకాశమున, 2020లో, 76.6 వచ్చినవి.