లీడర్ లేకుండా ముప్పై మంది కలిసి వాయించగలరా?



ఆర్కెస్ట్రా అనగానే మన కళ్ల ముందుకు ఒక దృశ్యం వస్తుంది. వేదిక నిండా వయొలిన్లు, ఫ్లూట్లు, వాళ్లందరి ముందు సన్నటి కర్ర పట్టుకుని చేతులు ఊపే ఒక మనిషి. ఆయనే కండక్టర్. ఎంత వేగంగా వాయించాలి, ఎవరు ఎప్పుడు అందుకోవాలి, ఎక్కడ తగ్గాలి అన్నదంతా ఆయన ఇష్టం. 1972లో న్యూయార్క్‌లో జూలియన్ ఫైఫర్ అనే చెల్లో కళాకారుడు, తోటి సంగీతకారులు కలిసి ఆర్ఫియస్ చాంబర్ ఆర్కెస్ట్రాను మొదలుపెట్టారు. చాంబర్ ఆర్కెస్ట్రా అంటే ముప్పై నలభై మంది వాయించే చిన్న బృందం. వీళ్లు కండక్టర్‌ను పెట్టుకోలేదు.

ఇందులో వింతేముంది, మన కచేరీలో మాత్రం కండక్టర్ ఉంటాడా అని మీరు అడగొచ్చు. నిజమే. పాడేవారు, వయొలిన్, మృదంగం, ఘటం. నలుగురే కాబట్టి చూపులతోనే మాట్లాడుకుంటారు. తని ఆవర్తనం వచ్చిందంటే పాడేవారు తాళం వేస్తూ కూర్చుంటారు, పెత్తనం మృదంగం చేతికి వెళ్తుంది. కానీ ముప్పై మందికి చూపులు చాలవు. అందుకని ఆర్ఫియస్ వాళ్లు ఒక పద్ధతి ఏర్పాటు చేసుకున్నారు. ఒక్కో రచనకు కొద్దిమందిని కోర్ గ్రూప్‌గా ఎంచుకుంటారు. వాళ్లు ముందుగా కూర్చుని దాన్ని ఎలా వాయించాలో ఒక రూపానికి తెస్తారు. ఆ తర్వాత అందరూ కలిసి రిహార్సల్ చేస్తారు. ఇక్కడ చివరి వరుసలో కూర్చున్నవారు కూడా ఆపి, "ఇది ఇలా బాగాలేదు" అని చెప్పొచ్చు. మధ్యలో ఎవరో ఒకరు తమ వాయిద్యం పక్కన పెట్టి హాల్లోకి దిగి, ప్రేక్షకుల సీట్లో కూర్చుని విని వస్తారు. తర్వాతి రచనకు కోర్ గ్రూప్ మారిపోతుంది. నిన్న నడిపించినవారు ఈరోజు వెనక కూర్చుంటారు.

దీనికి చాలా టైమ్ పడుతుంది. కండక్టర్ ఒక్క మాటతో తేల్చేదాన్ని వీళ్లు చర్చించుకుని తేల్చుకోవాలి కాబట్టి రిహార్సల్స్ ఎక్కువ కావాలి. పైగా తన భాగం ఒక్కటే నేర్చుకుంటే సరిపోదు, పక్కవాళ్లు ఏం వాయిస్తారో కూడా తెలిసుండాలి. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ సంగతే. 2001లో ఈ బృందానికి గ్రామీ అవార్డు కూడా వచ్చింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కండక్టర్ లేకపోవడం వేరు, తమ బృందాన్ని తామే పాలించుకోవడం వేరు. బెర్లిన్ ఫిల్హార్మోనిక్ 1882లో పుట్టింది. బెంజమిన్ బిల్జే అనే కండక్టర్ దగ్గర పనిచేసే పరిస్థితులు నచ్చక సంగీతకారులు బయటికి వచ్చి దాన్ని పెట్టుకున్నారు. అక్కడ ఇప్పటికీ కండక్టర్ ఉంటాడు. కానీ ఆ ప్రధాన కండక్టర్‌ను ఎన్నుకునేది సంగీతకారులే.

మన దగ్గర ఇలాంటిది ఏదైనా ఉందా అని ఆలోచిస్తే నాకు సురభి నాటక సమాజాలు గుర్తొచ్చాయి. అది ఆర్కెస్ట్రా కాదు, నాటకం. అయినా హార్మోనియం, తబలా లేకుండా సురభి నాటకం లేదు కదా! 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ' ఆడడంతో వీళ్ల నాటక ప్రయాణం మొదలైంది. అంతకుముందు వీళ్ల పెద్దలది తోలుబొమ్మలాట. వనారస గోవిందరావు గారి కుటుంబం పెరిగేకొద్దీ కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు వేర్వేరు సమాజాలుగా విస్తరించారు. ఆడ వేషాలు మగవాళ్లు వేసే రోజుల్లోనే సురభిలో స్త్రీల పాత్రలు స్త్రీలే వేసేవారు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఈ కుటుంబాల నుంచి వచ్చినవారే.

'మాయాబజార్' నాటకం చూసినవాళ్లకు గాలిలో ఎగిరే పాత్రలు, వేదిక మీద ఢీకొనే బాణాలు గుర్తుంటాయి. ఆ తీగలు లాగేది, లైట్లు వేసేది, తెరలు మార్చేది కూడా వాళ్ల కుటుంబం వాళ్లే. ఈ సీన్‌లో రాజుగా కనిపించిన మనిషి తర్వాతి సీన్‌లో తెర వెనక తాడు పట్టుకుని ఉండొచ్చు. పిల్లలు చంటి వయసులోనే బాలకృష్ణుడిగా వేదిక ఎక్కుతారు. పెరుగుతూ పెరుగుతూ అందరి డైలాగులూ, పద్యాలూ వాళ్లకు నోటికి వచ్చేస్తాయి. ఒకరికి ఆరోగ్యం బాగాలేకపోతే ఇంకొకరు ఆ వేషం వేసేస్తారు. ఆర్ఫియస్ వాళ్లు రిహార్సల్స్‌తో సంపాదించేదాన్ని సురభి పిల్లలు ఇంట్లోనే సంపాదించుకుంటారన్నమాట.

అయితే రెండూ ఒకటే అనలేం. సురభిలో ఇంటి పెద్ద మాటకు ఉండే బరువు వేరు, అక్కడ ఓట్లు ఉండవు. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని ఎన్నో ఏళ్లు నడిపి, 2013లో పద్మశ్రీ అందుకున్న ఆర్. నాగేశ్వరరావు గారిని అందరూ 'సురభి బాబ్జీ' అనే పిలిచేవారు. ఆయన నిలబడబట్టే ఆ సమాజం నిలబడింది. ప్రసిద్ధ దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి శిక్షణ ఇచ్చినప్పుడు వాళ్లు శ్రద్ధగా నేర్చుకున్నారు కూడా. పని పంచుకోవడం వచ్చినవాళ్లకు బయటి గురువు మాట వినడం కష్టం కాదని నాకు అనిపిస్తుంది. ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న సురభి సమాజాలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతే మిగిలాయి. పిల్లలతో ఒకసారి వెళ్లి చూడండి, టికెట్ కొని మరీ.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న "మా బాబు గ్రూప్ లీడరేనా మేడమ్?" అని. తల్లిదండ్రుల ఆశ నాకు అర్థమవుతుంది. కానీ క్లాస్‌లో జరిగేది చెప్పాలి. ఐదుగురి గ్రూప్‌లో లీడర్ ఒక్కరే చార్ట్ మొత్తం తయారు చేస్తారు, అందులో సగం వాళ్ల అమ్మగారు రాత్రి కూర్చుని చేసిందే. మిగతా నలుగురు పేర్లు రాసి మార్కులు తీసుకుంటారు. వైవాలో పక్క పేజీలో ఏముందని అడిగితే "అది వాడి పార్ట్ మేడమ్" అంటారు. ఆ మాట వినాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు బాధగా ఉంటుంది.

అందుకే ఎనిమిదో తరగతిలో ఈ టర్మ్ ప్రాజెక్ట్‌కు శాశ్వత లీడర్ ఉండరు. వారానికొకరు మీటింగ్ నడిపిస్తారు. ఒకరు మాత్రం ఆ వారం ఏ పనీ చేయకుండా, బయటివాళ్లలా మొత్తం చదివి ఎక్కడ అర్థం కాలేదో చెప్తారు. ఆర్ఫియస్ నుంచి తీసుకున్నది అదొక్కటే. వైవాలో ఎవరినైనా ఎవరి భాగం మీదైనా అడుగుతాను. మొదట్లో గొడవలు వస్తాయి, పని నెమ్మదిగా సాగుతుంది, చార్ట్ కొంచెం వంకరగానే ఉండొచ్చు. దయచేసి ఇంట్లో దాన్ని సరిచేయకండి. మొదటి వారం లిస్టులో మీ పాప పేరు కనిపించకపోతే కంగారుపడి డైరీలో నోట్ రాయకండి, ఐదు వారాల పేర్లూ నోటీసు బోర్డు మీద ఒకేసారి పెడుతున్నాం.