ప్రమాదం ఇక్కడ, ఉద్యోగం అక్కడ

గుంటూరు మిర్చి యార్డులో కొత్తగా అడుగుపెట్టినవాడు మొదట చేసే పని తుమ్మడం. కళ్ళు తుడుచుకుంటూ తలెత్తి చూచేసరికి టిక్కీలు మోసే హమాలీలు అతణ్ణి చూచి నవ్వుతూ ఉంటారు. వారికి ఆ ఘాటు అలవాటైపోయింది. జిన్నింగు మిల్లులో దూదిధూళి పొగమంచువలె కమ్ముకొని ఉన్నా అక్కడివారికి పట్టదు. శీతల గిడ్డంగి గుమ్మంలో అమ్మోనియా వాసన ముక్కుకు తగిలినా రోజూ ఉండేదే గదా అనుకొని లోపలికి పోతారు. ఇట్లా అలవాటైపోయిన అపాయాన్ని కొత్తవాని కళ్ళతో చూచి, కొలిచి, కాగితంమీద పెట్టి యజమానికి చూపడమే బ్రతుకుతెరువుగా గల వృత్తి ఒకటి ఉన్నది. దానినే పారిశ్రామిక భద్రత అంటున్నారు. ఆ భద్రతాధికారి పదవికోసం గుంటూరు, ప్రకాశం సీమల యువకులు గల్ఫ్ దేశాలవైపు చూస్తున్నారు. అపాయాలు ఇంటి ముంగిటనే ఉండగా, వాటిని నివారించే ఉద్యోగానికి సముద్రం దాటవలసి రావడమేమిటన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది.

సమాధానం చట్టంలో ఉన్నది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టానికి 1976లో చేసిన సవరణ ప్రకారం, సాధారణంగా వేయిమంది, అంతకు పైబడి పనివారున్న ఫ్యాక్టరీలోనే భద్రతాధికారిని నియమించవలసి ఉండేది. ఆ చట్టం స్థానంలో వచ్చి, 2025 నవంబరు 21న అమలులో ప్రవేశించిన 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి ఆ సంఖ్యను 500కు, అపాయకరమైన ప్రక్రియలు జరిగే ఫ్యాక్టరీలలో 250కి దించింది. నిర్మాణ పనులకు 250, గనులకు 100 అని వేరుగా నిర్ణయించింది. ఇంత చేసినా జిన్నింగు మిల్లుకు ఒరిగినదేమీ లేదు. అక్కడ పనిచేసేవారు కొద్ది పదులమంది. అదిన్నీ పత్తి వచ్చే నెలలలోనే. శీతల గిడ్డంగిలో నిలకడగా ఉండేవారు ఇంకా తక్కువ. పెద్ద నూలుమిల్లులకో, చీమకుర్తి గ్రానైటు గనులలో పెద్దవాటికో తప్ప ఈ లెక్క అందదు.

గల్ఫ్‌లో పరిస్థితి వేరు. చమురు శుద్ధి కర్మాగారాలు, ఆకాశహర్మ్యాలు, రైలుమార్గాలు నిర్మించే గుత్తేదారులు వేలమంది పనివారిని ఒక్కచోట దింపుతారు. పని ఇచ్చే సంస్థ, ఇంతమందికి ఒక భద్రతాధికారి ఉండవలెనని ఒప్పందంలోనే షరతు పెడుతుంది. అందుచేత అక్కడ పదవులు ఉన్నవి. ఆ ప్రకటనలలో తరచు కనిపించే పేరు నెబోష్. అది 1979లో బ్రిటన్‌లో ఏర్పడిన పరీక్షా సంస్థ. దాని అంతర్జాతీయ సర్టిఫికెట్టు సంపాదించిన యువకుడు ఉత్సాహంతో దరఖాస్తులు పంపుతాడు. జవాబు వస్తే గిస్తే ఒక్కటే ప్రశ్న: అనుభవమెంత? గల్ఫ్ ప్రకటనలు మూడేండ్లు, అయిదేండ్లు అడుగుతవి. సింగపూరులో ప్రభుత్వం వద్ద భద్రతాధికారిగా నమోదు కావడానికి రెండేండ్ల అనుభవం నియమం. ఇక్కడ పదవి లేదు గనుక అనుభవం లేదు. అనుభవం లేదు గనుక అక్కడ పదవి లేదు. పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు అన్న సామెత ఇటువంటి సందర్భంలోనే పుట్టి ఉంటుంది.

అయితే దారి లేకపోలేదు. నెబోష్ పరీక్షలో రెండవ భాగాన్ని చాలమంది తేలికగా తీసుకుంటారు. అభ్యర్థి నిజమైన పనిచోటికి పోయి, కనీసం అయిదు తరగతులకు చెందిన పది అపాయాలను గుర్తించి, ఎవరికి ఏ హాని కలగవచ్చునో, ఇప్పుడున్న కట్టుదిట్టమేమిటో, ఇంకా చేయవలసినదేమిటో రాయవలె. ఇతరుల నకలుతో ఈ భాగాన్ని గట్టెక్కినవాడు ఇంటర్వ్యూలో రెండవ ప్రశ్నకే దొరికిపోతాడు. చిలకలూరిపేట పరిసరాల జిన్నింగు మిల్లులో నాలుగు రోజులు నిలబడినవానికి ఆ భయం లేదు. పత్తిలో కలిసివచ్చిన ఇనుపముక్క యంత్రానికి తగిలి రవ్వ పుడుతుంది. ఆ రవ్వ దూదిలో చిక్కుకొని, మంట కనబడకుండా లోలోపల రాజుకుంటూ, బేలు కట్టిన కొన్నిరోజుల తరువాత బయటపడవచ్చు. ఇది పుస్తకంలో చదివినవానికీ, కాలిన బేలు వాసన చూచినవానికీ ఎంతో భేదం ఉన్నది.

ధూళి సంగతిన్నీ అంతే. ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లో వృత్తిరోగాలపై వెలువరించిన గ్రంథంలో, రోగిని అడిగే ప్రశ్నలలో ఆతడు చేసే పని ఏమిటన్నది కూడ చేర్చవలెనని వైద్యులకు చెప్పాడు. నార దువ్వేవారి దగ్గును ఆయన ఆనాడే గమనించాడు. పత్తిధూళి వల్ల వచ్చే బిస్సినోసిస్‌కు ఒక విచిత్ర లక్షణం ఉన్నది: సెలవు దినం గడిచి పనిలోకి వచ్చిన మొదటిరోజున ఛాతీ పట్టివేస్తుంది, తరువాతి రోజులలో తగ్గినట్లుంటుంది. సోమవారంనాడు మీ ఊపిరి ఎట్లా ఉంటుందని కార్మికుణ్ణి అడిగే తెలివి సర్టిఫికెట్టుతోపాటు దానంతటది రాదు.

శీతల గిడ్డంగి మరొక పాఠశాల. అమ్మోనియా గాలిలో పదిలక్షల పాళ్ళకు 25 పాళ్ళు మించరాదని ఫ్యాక్టరీల చట్టపు షెడ్యూలు పెట్టిన హద్దు. అది గాలికంటె తేలికైన వాయువే. అయినా చల్లగా, తేమతో కలిసి కారినప్పుడు నేలబారుగా పాకగలదు. గాలి ఎటు వీస్తున్నదో చూపే గుడ్డసంచి కప్పుమీద ఉన్నదా? చలిగదిలో చిక్కుకున్నవాడు లోపలినుంచి తలుపు తెరుచుకోగలడా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం రాసుకొని, యజమానిని ఒప్పించి ఒక్క తలుపుగడియ మార్పించినవాడు చెప్పుకోదగిన అనుభవం సంపాదించినట్లే.

అనుభవం కాగితంమీద కూడ ఉండవలెను గనుక, పదవి పేరు సూపర్‌వైజరు అయినా సరే, నియామక పత్రం ఇచ్చే చోట చేరడం మేలు. 2025 మే 2న పునఃప్రారంభమైన అమరావతి రాజధాని నిర్మాణాలు గుంటూరు జిల్లాలోనే ఉన్నవి. అటువంటి పెద్ద గుత్తేదారులకు 250 మంది నియమం వర్తిస్తుంది. స్వదేశంలో భద్రతాధికారి కావడానికి మాత్రం నెబోష్ ఒక్కటే చాలదు. ముంబయి కేంద్ర కార్మిక సంస్థ, చెన్నై ప్రాంతీయ సంస్థ వంటివి నేర్పే ఏడాది డిప్లొమా వంటిది కావాలి. ఫ్యాక్టరీల చట్టం కింద రాష్ట్రాలు చేసుకున్న నియమాలలో మరొక అర్హత కూడ చేర్చారు: పనివారిలో అధికసంఖ్యాకులు మాట్లాడే భాష వచ్చి ఉండడం. తెలుగు పండితులు సంతోషించదగిన నిబంధన!

విదేశంలోనూ ఆ భాషే అక్కరకు వస్తుంది. కతార్‌లో 2021 నాటి ఉత్తర్వు ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట ఎండలో పని నిషిద్ధం. ఆ నియమాన్ని ఆంగ్లంలో బల్లమీద రాస్తే సరిపోదు. తెలుగు కూలీకి తెలుగులో, బీహారు కూలీకి హిందీలో చెప్పగలిగినవాడే పని ఆపించగలడు. రెంటచింతల ఎండ ఎరిగినవానికి వడదెబ్బ లక్షణాలు ఒకరు నేర్పనక్కరలేదు. ఇక్కడ కల్లాలలో మిరపకాయ ఎండబెట్టే ఆడకూలీలకు అటువంటి గంటల నిషేధం లేదన్నదీ ఆతనికి తెలిసిన విషయమే.

ఇక ప్రయాణం. 1983 నాటి వలసల చట్టం ప్రకారం రిజిస్ట్రేషను పొందిన ఏజెంటే విదేశాలకు మనుషులను తీసుకోవాలి. ఆతడు పుచ్చుకోదగిన సేవారుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ. లక్షలు అడిగేవాడు ఏమి అమ్ముతున్నాడో ఆలోచించుకోవలె. ఇక్కడ చదువుకున్నవారికే ఒక చిక్కు ఉన్నది. పదవతరగతి తప్పినవాడు గల్ఫ్‌కు ఉద్యోగానికి పోవాలంటే ప్రభుత్వ వలస అనుమతి తీసుకోక తప్పదు. ఆ సందర్భంలో ఆతని ఒప్పందాన్ని ఒక అధికారి చూస్తాడు. పదవతరగతి, ఆపై చదివినవారికి ఆ అనుమతి అక్కరలేదు. డిప్లొమా ఉన్న యువకుని ఒప్పందాన్ని చూచే కన్ను ఆతనిది ఒక్కటే. సందర్శక వీసామీద ముందు పంపి, ఉద్యోగం అక్కడ చూసుకోవచ్చుననే ఏజెంటు మాటకు లోబడేవారిలో చదువుకున్నవారు తక్కువేమీ కాదు. ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాలో ఆ ఏజెంటు పేరు ఉన్నదో లేదో చూడడానికి అయిదు నిమిషాలు చాలు.

అయిదేండ్లు పనిచేసి తిరిగివచ్చినవానికి స్వస్థలంలో చోటు దొరకడం కష్టమే. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ ఆవిరికి 12 మంది, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది బలి అయినారు. ఆతని అనుభవంతో పని ఉన్నది ఆ పెద్ద ఫ్యాక్టరీలలో. చిలకలూరిపేట మిల్లులో పనివారి సంఖ్య అప్పటికిన్నీ 250 దాటి ఉండదు.