కొత్త కారు కొంటున్నారా? ముందు వెనక సీటులో కూర్చోండి!

షోరూముకి పిల్లల్నీ తీసుకెళ్లండి. వెనక సీటులో వాళ్ల పక్కన మీరూ కూర్చోండి. ముగ్గురికీ మూడు పాయింట్ల బెల్టులున్నాయా? చైల్డ్ సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు సులువుగా అందుతున్నాయా? స్కూలు బ్యాగులు డిక్కీలో పడతాయా?

2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పెద్దలకూ పిల్లలకూ విడివిడిగా స్టార్లు ఇస్తుంది. పిల్లల రేటింగు తప్పక అడగండి. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ, చైల్డ్ సీటు గానీ లేకుండా కారు నడిపితే చట్టప్రకారం రూ.1,000 జరిమానా.

ఇక సరదా సంగతి. ఒక్కరే నడిపితే ఏ ఇంజనైనా హుషారుగానే ఉంటుంది. కుటుంబమంతా ఎక్కి, ఏసీ వేసి, ఫ్లైఓవర్ ఎక్కించండి. అసలు సత్తా తెలిసిపోతుంది. సన్‌రూఫ్ ఉన్నా, కదిలే కారులో పిల్లల్ని అందులోంచి నిలబడనివ్వకండి. రంగు మాత్రం వాళ్లకే వదిలేయండి!