బొగ్గు లేకుండా కాగే నీళ్లు

మిల్లులో ఆవిరి కావాలంటే బాయిలర్‌లో నిప్పు మండాల. భద్రాచలం దగ్గర గుండాలలో మాత్రం గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే చాలు, వేన్నీళ్లు ఊరతాయి. భూమిలోకి ఇంకిన నీళ్లు లోతున రాతివేడికి కాగి, పగుళ్లలో నుంచి పైకొస్తాయి. చూడను పోతే పిల్లల చెయ్యి వదలొద్దు; నిమ్మళంగా కనిపించే నీళ్లే కాలుస్తాయి.

మణుగూరు పక్కన పగిడేరులో ఇట్లాంటి నీళ్లతోనే సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్లాంటు పెట్టింది. ఆ వేడికి తొందరగా మరిగే ఇంకో ద్రవం ఆవిరై టర్బైన్ తిప్పుతుంది. 20 కిలోవాట్లంటే సుమారు 27 హార్స్‌పవర్. మిల్లు మొత్తం నడపను చాలదు. అయినా బొగ్గు తవ్వే సంస్థే బొగ్గు లేని కరెంటు తీసి చూపించింది. బాయిలర్ కాడ పొగ మింగే మనకు అది చిన్న మాట కాదు.