ఒకే ఇల్లు, అవే దోమలు... ఒక్కరికే బోదకాలెందుకు?

గోదావరి జిల్లాలకు బోదకాలు పాత చుట్టమే. మురుగునీళ్ల క్యూలెక్స్ దోమ కుట్టేటప్పుడు ఫైలేరియా పిల్లపురుగులు చర్మం మీద దిగి, కుట్టిన చిల్లులోంచే లోపలికి పాకుతాయి. లింఫు నాళాల్లో చేరి దారాల్లా పెరుగుతాయి. ఆడపురుగు 8-10 సెంటీమీటర్లుంటుంది!

మరి ఒకే అరుగు మీద పడుకున్న అన్నదమ్ముల్లో అన్నకే కాలు వాచిందేం? మన రక్షణ కణాల మీద కాపలాకుక్కల్లాంటి గ్రాహకాలుంటాయి. పురుగు జాడ తగిలితే సైటోకైన్లనే రసాయనాలతో కేక పెట్టిస్తాయి. ఆ కేక ఎంత గట్టిగా ఉండాలో కొంతవరకు జన్యువుల చేతిలో ఉంది. టీఎల్ఆర్-2, హెచ్ఎల్ఏ వంటి జన్యువుల్లో మనిషికీ మనిషికీ కాస్త తేడా.

తమ్ముడి కేక మెత్తన. అర్ధరాత్రి రక్తం తీసి చూస్తే పిల్లపురుగులు మెలికలు తిరుగుతుంటాయి, కాలు మాత్రం మామూలే. అన్నది పెద్ద రభస. ఆ రభసకే నాళాలు దెబ్బతిని, నీరు నిలిచి, చర్మం మందమవుతుంది. తప్పంతా జన్యువులదే అనకండి; ఎన్ని దోమలు కుట్టాయి, కాలి పగుళ్లలో ఏ బాక్టీరియా దూరింది అన్నవీ లెక్కే.

అన్నట్టు, ఈ పురుగు మీద నేటికీ వాడే డీఈసీ మందు 1947లో హెట్రజాన్ పేరుతో అమెరికాలో వెలుగు చూసింది. ఆ పరిశోధన నడిపించిన యల్లాప్రగడ సుబ్బారావు పుట్టింది మన భీమవరంలోనే.