ఉరిశిక్ష పడినవారి మనసును ఎవరు పరీక్షించారు?

హత్య కేసులో నేరం రుజువైంది. ఇక ఉరిశిక్షా, యావజ్జీవమా తేలాలి. ఆ సమయంలో జడ్జి నేరం ఎంత ఘోరమైనదో చూస్తే సరిపోదు, ఆ పని చేసిన మనిషి ఎవరో, ఎలాంటి స్థితిలో ఉన్నాడో కూడా చూడాలి. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన మాట ఇది. ఉరిశిక్షను ‘అత్యంత అరుదైన’ కేసులకే పరిమితం చేసిన తీర్పు కూడా ఇదే. నిందితుడి వయసు, మారే అవకాశం, మానసిక లోపం వల్ల తాను చేస్తున్నది నేరమని సరిగా గ్రహించలేని స్థితి వంటివి శిక్ష తగ్గించేందుకు పరిగణించదగిన అంశాలని అందులో ఉంది.

మరి నిందితుడి మానసిక స్థితి ఏమిటో జడ్జికి ఎవరు చెబుతారు? పోలీసుల ఛార్జిషీటులో అది ఉండదు. అది నేరాన్ని రుజువు చేయడానికి రాసేది. పేద నిందితుడి తరఫు లాయరుకు మానసిక వైద్యుణ్ని పిలిపించే స్తోమత, తీరిక రెండూ ఉండవు. ‘తల్లిదండ్రులు ముసలివాళ్లు, పిల్లలు చిన్నవాళ్లు, ఇదే మొదటి నేరం’ అనే మూడు ముక్కలతో శిక్షపై వాదన ముగిసిన కేసులు ఎన్నో. మానసిక స్థితిని చూడాలని చట్టం చెబుతున్నా, చూసి చెప్పే ఏర్పాటు మాత్రం లేదు. ఈ ఖాళీ ఎంత పెద్దదో లెక్కలతో చూపించిన పని ఢిల్లీలోని ఒక న్యాయ విశ్వవిద్యాలయంలో జరిగింది.

ద్వారక నుంచి జైళ్లకు

ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ 2008లో మొదలైంది. ద్వారక సెక్టార్ 14లో ఉంటుంది. 2013లో అక్కడి అధ్యాపకుడు అనూప్ సురేంద్రనాథ్ నేతృత్వంలో ఒక బృందం, జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ సహకారంతో, చాలా ప్రాథమికమైన ప్రశ్న వేసుకుంది. దేశంలో ఉరిశిక్ష పడి జైళ్లలో ఉన్నవారు ఎవరు? ఏ ఊరివాళ్లు, ఏం చదివారు, ఏం పని చేసేవారు? విద్యార్థులూ పరిశోధకులూ జైలు తరవాత జైలు తిరిగారు. అప్పట్లో ఉరిశిక్షలో ఉన్న 385 మందిలో 373 మందిని కలిశారు, కుటుంబాలతోనూ మాట్లాడారు.

2016 మేలో నివేదిక వెలువడింది. 74.1 శాతం మంది ఆర్థికంగా బలహీనులు. దాదాపు 23 శాతం మంది బడి మొహమే చూడనివారు. 76 శాతం మంది వెనుకబడిన వర్గాలకో మతపరమైన మైనారిటీలకో చెందినవారు. మరో లెక్క ఇంకా ఆలోచింపజేస్తుంది: కింది కోర్టులు వేసిన ఉరిశిక్షల్లో సుప్రీంకోర్టు దాకా నిలిచినవి సుమారు 5 శాతమే. మిగతావారికి శిక్ష తగ్గింది, లేదా నిర్దోషులని తేలింది. ఆ తీర్పు వచ్చేదాకా వాళ్లంతా ఉరితాడు నీడలోనే బతికారు.

ఈ శాతాలను చూసి కోర్టులు పేదలపై వివక్ష చూపాయని వెంటనే అనలేం. అలా తేల్చాలంటే హత్యానేరం రుజువైనా ఉరి పడనివారి నేపథ్యంతో పోల్చి చూడాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే ఈ అధ్యయనం ఉద్దేశం. అయినా దాని విలువ తక్కువేం కాదు, అంతకుముందు ఆ చిత్రమైనా మన దగ్గర లేదు.

తరవాత ఈ బృందం ‘ప్రాజెక్ట్ 39ఎ’ అన్న పేరు పెట్టుకుంది. పేదలకు ఉచిత న్యాయసహాయం అందించాలని చెప్పే 39-ఎ అధికరణం 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చింది. పేరు అక్కడిది.

లాయర్ల పక్కన సైకాలజిస్టులు

జైళ్లలో సంభాషణలు సాగేకొద్దీ న్యాయవాదులకు అంతుపట్టని విషయాలు ఎదురయ్యాయి. అడిగిన ప్రశ్న అర్థంకానివారు, రోజుల తరబడి ఎవరితోనూ మాట్లాడనివారు, లేనిది వినిపిస్తోందనేవారు. వీటిని అర్థం చేసుకోవడం న్యాయశాస్త్రం ఒక్కదానికీ సాధ్యం కాదు. అందుకే రెండో అధ్యయనంలో మానసిక ఆరోగ్య నిపుణులు చేరారు. బెంగళూరు నిమ్హాన్స్‌కు చెందిన డాక్టర్ ప్రతిమా మూర్తి ముఖ్య సలహాదారు. మైత్రేయి మిశ్రా ఈ పనికి నేతృత్వం వహించారు. ఢిల్లీ, ఛత్తీస్‌గఢ్, కర్ణాటక, కేరళ, మధ్యప్రదేశ్ జైళ్లలో ఉరిశిక్ష పడిన 88 మందిని కలిశారు. వారిలో ముగ్గురు మహిళలు.

2021 అక్టోబరులో వచ్చిన ఫలితాలు ఇవి. పరీక్షించినవారిలో 62.2 శాతం మందికి కనీసం ఒక మానసిక రుగ్మత ఉంది. 35.3 శాతం మందికి తీవ్రమైన కుంగుబాటు, అంటే డిప్రెషన్. 22.6 శాతం మందికి నిత్యం వెంటాడే ఆందోళన రుగ్మత. 6.8 శాతం మందికి వాస్తవంతో సంబంధం తెగిపోయే సైకోసిస్. జైల్లో ఉండగా ఆత్మహత్య ఆలోచన వచ్చిందని దాదాపు సగం మంది చెప్పారు. సుమారు 11 శాతం మందికి మేధో వైకల్యం ఉంది. 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం సాధారణ వయోజనుల్లో మానసిక రుగ్మతలు ఉన్నవారు 10.6 శాతం. రెండు అధ్యయనాల పద్ధతులు ఒకటి కావు కాబట్టి ఇన్ని రెట్లని కచ్చితంగా చెప్పకూడదు. కానీ అంతరం మాత్రం పద్ధతుల తేడాకు లొంగేంత చిన్నది కాదు.

ఇక్కడ చాలామందికి వచ్చే అనుమానం ఒకటుంది. ప్రాణం మీదికి వచ్చినవాడు పిచ్చి నటించడా? నటించవచ్చు. మానసిక వైద్యులకు ఈ సమస్య కొత్త కాదు. అందుకే ఒక్క సమావేశంలో చెప్పిన మాటలపై ఎవరూ ఆధారపడరు. ప్రశ్నల క్రమం ముందే ఖరారై ఉంటుంది. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి, ఎంతకాలం ఉన్నాయి అన్నది విడివిడిగా అడుగుతారు. తల్లి, తోబుట్టువులు, చిన్నప్పటి టీచరు, ఇరుగుపొరుగు చెప్పినదానితో సరిచూస్తారు. పదేళ్ల కిందట ఊళ్లో జరిగినదాన్ని జైల్లో కూర్చుని నటించడం కుదరదు కదా.

వీరి బాల్యం కూడా నివేదికలో పెద్ద భాగమే. కొట్టడం, తిట్టడం, పట్టించుకోకపోవడం, ఇంట్లో నిత్యం గొడవలు. ఇవి చాలామంది జీవితాల్లో ఒకటి కాదు, మూడు నాలుగు కలిసి కనిపించాయి. ఇలాంటి చేదు అనుభవాలు ఎన్ని పోగుపడితే పెద్దయ్యాక శారీరక, మానసిక ఆరోగ్యం అంత దెబ్బతింటుందని 1998లో అమెరికాలో 9,500 మందికి పైగా వయోజనులపై జరిగిన ప్రసిద్ధ అధ్యయనం చూపింది. అలాగని కష్టాల బాల్యం గడిపినవాళ్లంతా నేరస్థులు కారు, అత్యధికులు అసలే కారు. హతుల కుటుంబాల దుఃఖం దీనివల్ల తగ్గదు కూడా. చచ్చేంత శిక్ష వేసేముందు మనిషి గురించి తెలియాల్సిన వాటిలో ఇదొకటి, అంతే.

70 అనే గీత

ఈ నివేదికలో నన్ను అన్నిటికన్నా ఆపేసిన అంకె ఆ 11 శాతం. మానసిక రుగ్మత జీవితంలో ఎప్పుడైనా రావచ్చు, చికిత్సతో తగ్గవచ్చు. ఇంతకుముందు బుద్ధిమాంద్యం అనేవారే, ఆ మేధో వైకల్యం అలాంటిది కాదు. బాల్యంలోనే మొదలై జీవితాంతం ఉంటుంది. జైలు దాన్ని పుట్టించదు. అంటే ఈ మనుషులు అరెస్టయిన రోజునా, పోలీసులు ప్రశ్నించిన రోజునా, కోర్టులో బోనెక్కిన రోజునా అదే స్థితిలో ఉన్నారు. ఎదుటివారు ఏమంటే దానికి తలూపడం, అర్థంకాకున్నా అర్థమైనట్టు నటించడం ఈ వైకల్యం ఉన్నవారిలో తరచూ కనిపిస్తుంది. అలాంటి వ్యక్తి తన లాయరుకు సంఘటనను వరుసగా చెప్పుకోగలడా?

దీన్ని గుర్తించడానికి మూడు చూడాలి. తెలివితేటల పరీక్షలో వచ్చే ఐక్యూ సుమారు 70, అంతకన్నా తక్కువ ఉండాలి. డబ్బు లెక్కపెట్టుకోవడం, ఒంటరిగా బస్సెక్కి వెళ్లి రావడం, నలుగురితో మెలగడం వంటి రోజువారీ నేర్పుల్లో స్పష్టమైన లోటుండాలి. ఇవి రెండూ ఎదిగే వయసులోనే మొదలై ఉండాలి. ఐక్యూ అంకె ఒక్కటే చాలదనడానికి కారణం కొలతలోనే ఉంది. ఏ పరీక్షలోనైనా కొంత తేడా సహజం. 71 వచ్చినవారి అసలు స్థాయి 66 కావచ్చు, 76 కావచ్చు. అమెరికా సుప్రీంకోర్టు 2002లో మేధో వైకల్యం ఉన్నవారికి మరణశిక్ష అమలు చేయరాదని తీర్పిచ్చాక, ఫ్లోరిడా రాష్ట్రం 70 దగ్గర గీత గీసి, ఒక్క పాయింటు పైనున్నా మినహాయింపు లేదంది. 2014లో అదే కోర్టు ఆ గీతను కొట్టేసింది. ఒక రకంగా ఇది గణాంకశాస్త్రం గెలిచిన కేసు.

మన దేశంలో అలాంటి చట్టపరమైన నిషేధం ఇంకా లేదు. పైగా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రుగ్మతకు ఇచ్చిన నిర్వచనంలో మేధో వైకల్యాన్ని చేర్చలేదు. వైద్యపరంగా అది సరైనదే, రెండూ వేరు కాబట్టి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇది ఉంది. కానీ పల్లెలో కూలి పనికి వెళ్లేవాడికి పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇప్పించినవారు ఎవరైనా ఉంటేనే కోర్టు ముందుకు ఆ కాగితం వస్తుంది.

జబ్బు ఎప్పుడు ఉందన్నది ప్రశ్న

చట్టం మానసిక స్థితిని మూడు సందర్భాల్లో మూడు రకాలుగా చూస్తుంది. నేరం చేసే క్షణంలో తానేం చేస్తున్నాడో తెలియని మతిస్థిమితం లేనివాడైతే అది నేరమే కాదు. పాత శిక్షాస్మృతి 84వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ చెప్పేది ఇదే. అంత తీవ్రం కాకపోతే, శిక్ష ఖరారు చేసేటప్పుడు తగ్గింపు అంశంగా చూడవచ్చు. మూడోది, శిక్ష పడ్డాక జైల్లో వచ్చిన జబ్బు.

ఈ మూడోదానికి ఢిల్లీలోనే ముఖ్యమైన ఉదాహరణ ఉంది. శిక్ష అమలులో అకారణ జాప్యం, మానసిక రుగ్మత ఉరిని యావజ్జీవంగా మార్చడానికి కారణాలు కావచ్చని సుప్రీంకోర్టు 2014 జనవరిలో శత్రుఘ్న చౌహాన్ కేసులో చెప్పింది. 1993 ఢిల్లీ బాంబు పేలుడు కేసులో ఉరిశిక్ష పడిన ఖైదీ అప్పటికి షాదరాలోని మానసిక చికిత్సా సంస్థ ఇబాస్‌లో ఉన్నాడు. అక్కడి వైద్యుల నివేదిక తెప్పించుకుని చూసి, అదే ఏడాది మార్చిలో కోర్టు అతని శిక్ష తగ్గించింది.

2019లో మరో కేసులో కోర్టు ఒక కొలబద్ద పెట్టింది. రుగ్మత చాలా తీవ్రమైనదై ఉండాలి, స్కిజోఫ్రీనియా వంటి సైకోసిస్ జబ్బులు దానికి ఉదాహరణలు. ఇప్పుడు ఢిల్లీ అధ్యయనం అంకెలను మళ్లీ చూడండి. సైకోసిస్ 6.8 శాతం, డిప్రెషన్ 35.3 శాతం. జైల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే జబ్బు ఈ కొలబద్దకు అందడమే కష్టం.

డిప్రెషన్‌కు జైలే కారణమా? ఈ అధ్యయనం ఆ మాట రుజువు చేయలేదు. అందరినీ ఒకసారి పరీక్షించింది తప్ప జైలుకు రాకముందు ఎలా ఉన్నారో కొలిచిన రికార్డు లేదు. అసలు చిక్కే అది. అరెస్టయిన మొదటి నెలల్లోనే పరీక్షించి ఉంటే ఏది ముందునుంచీ ఉంది, ఏది తరవాత వచ్చిందన్నది తెలిసేది. ఆ 88 మందిలో నివేదిక వచ్చేనాటికి 19 మంది నిర్దోషులుగా తేలారు, 33 మందికి శిక్ష తగ్గింది. విడుదలైనవారి సంగతి ఏమిటి? వచ్చిన జబ్బు తీర్పుతో పోదు కదా.

కోర్టు అడిగింది, చేసేదెవరు?

2022 మే 20న మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఈ ఖాళీని నేరుగా ముట్టుకుంది. ఉరిశిక్షకు అవకాశమున్న కేసుల్లో నిందితుడి మానసిక స్థితిపై నిపుణుల అంచనాను ప్రభుత్వమే, వీలైతే తొలిదశలోనే, ట్రయల్ కోర్టుకు సమర్పించాలంది. కుటుంబ నేపథ్యం, చదువు, జైల్లో ప్రవర్తన కూడా తెప్పించుకోవాలంది. శిక్షపై వాదనకు ఎంత సమయం, ఎలాంటి అవకాశం ఇవ్వాలన్న ప్రశ్నను అదే ఏడాది సెప్టెంబరులో ఐదుగురు సభ్యుల ధర్మాసనానికి నివేదించింది.

నిందితుడి కథ కోర్టులో కాకుండా ఆలస్యంగా, బయట వినిపించడం తెలుగువారికి తెలిసిన సంగతే. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సు దోపిడీ ప్రయత్నంలో నిప్పంటుకుని 23 మంది చనిపోయారు. ఇద్దరు దళిత యువకులకు పడిన ఉరిని సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. వాళ్లెవరు, ఏ పరిస్థితుల నుంచి వచ్చారు అన్నది దేశానికి విస్తృతంగా తెలిసింది రచయితలు, పౌరహక్కుల కార్యకర్తలు క్షమాభిక్ష కోసం ఉద్యమించాకే. రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ హయాంలో ఆ శిక్ష యావజ్జీవంగా మారింది.

మనోజ్ తీర్పు తరవాత ఇప్పుడది పరిపాలన సమస్య. ప్రతి 500 మంది ఖైదీలకు ఒక సైకాలజిస్టు ఉండాలని 2016 నమూనా జైలు మాన్యువల్ చెప్పింది. ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2025 ప్రకారం దేశంలోని 5.7 లక్షల ఖైదీలకు సైకాలజిస్టులు, సైకియాట్రిస్టులు కలిపి 25 మంది. మాన్యువల్ లెక్కన 1,100 మందికి పైగా కావాలి. ఒక మనిషి జీవితాన్ని సరిగా తెలుసుకోవాలంటే ఊరికి వెళ్లాలి, కుటుంబాన్ని పలుమార్లు కలవాలి, పాత బడి, ఆసుపత్రి కాగితాలు వెతకాలి. వైద్యులే ఇదంతా చేయలేరు. సోషల్ వర్క్, సైకాలజీ చదివినవారికి నేర న్యాయంలో శిక్షణ ఇవ్వాలి. అలాంటి పరిశోధకులను తయారుచేయడం ప్రాజెక్ట్ 39ఎ పనిలో భాగమైంది.

ఈ బృందం ఇప్పుడు ఢిల్లీలో లేదు. హైదరాబాద్ శివారు శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి మారి, ‘ది స్క్వేర్ సర్కిల్ క్లినిక్’ పేరుతో పనిచేస్తోంది. సురేంద్రనాథ్ న్యాయశాస్త్రం చదివింది కూడా అక్కడే.