జాతుషశబ్దము – ఏటికొప్పాక బొమ్మలు

అమరసింహుడు ద్వితీయకాండమున బొమ్మకు పాంచాలిక, పుత్రిక అను పేర్లు చెప్పి, వెంటనే లక్క వికారమును జాతుషమనెను. జతుశబ్దమునకు ఈ యర్థముననే పాణిని షుగాగమము విధించెను. అనకాపల్లి జిల్లా వరాహనదీతీరమందలి ఏటికొప్పాక బొమ్మలను లోకము లక్కబొమ్మలనుచున్నది. విచారించినచో ఇవి జాతుషములు కావు, దారుమయములు. ఆరిన అంకుడుకర్రను తరిమెనపై తిప్పుచు ఉలితో రూపు దీర్చి, పసుపు, నీలి, జాఫ్రా మున్నగువాని రంగు కలిపిన లక్కకడ్డీని దానికి ఒత్తుదురు. రాపిడివేడికి లక్క కరగి కర్రనంటును. కుంచెకు ఇచట పనియే లేదు. కనుక రంగు పూసిన బొమ్మలనుటయు పొసగదు. మెత్తని అంకుడుకర్ర ఉలికి సులువుగా లొంగును. ఈ పనికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అయినను అంకుడు చెట్లు తరిగి కర్ర దొరకుట కష్టమగుచున్నది. పేరులో కర్ర లేకున్నను, పని ఆగుచున్నది దాని కొరతచేతనే.